థ్రాటిల్ మీద నీలం రేకు

కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. పెళ్ళైన వారానికే మా ఆవిడ ఆ సంగతి కనిపెట్టేసి, "అన్నం తినేటప్పుడైనా ఆ కాళ్ళు ఊపడం ఆపుతారా?" అని అడిగింది. ఆపలేదు. ఆఫీసులో మీటింగ్ అంటే గోడకి ఆనుకుని నిలబడతాను. సినిమాకి వెళితే వరసలో చివరి సీటు నాదే, మధ్యలో నాలుగుసార్లు లేచి తిరిగొస్తాను. అలాంటి మనిషి అమెరికాలో మేముండే రెడ్‌మండ్ నుంచి గంట దూరంలో, కొండల కింద ఒక రేకుల షెడ్డులో, కదలని ఆవిరి ఇంజను చుట్టూ ఏళ్ళ తరబడి శనివారాలన్నీ ధారపోశాడంటే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మబుద్ధి కాదు.

రైళ్ళంటే నాకు ప్రత్యేకమైన మోజేమీ లేదు. మా అమ్మాయి క్లాస్‌మేట్ పుట్టినరోజు పార్టీ ఆ పాత రైళ్ళ మ్యూజియంలో చేశారు, వెళ్ళాం, అంతే. పిల్లలు కేకు చుట్టూ చేరారు. పెద్దవాళ్ళు గ్రీన్ కార్డుల గురించి మొదలెట్టారు. ఆ మాటలు వింటే నాకు ఊపిరాడదు. అలా వెనక్కి నడుచుకుంటూ పోతే షెడ్డు కనిపించింది. లోపల నల్లటి పెద్ద ఇంజను, దాని కిందనుంచి బయటికి చాచిన రెండు కాళ్ళు.

"ఆ వైరు బ్రష్షు ఇలా ఇవ్వు," అంది కాళ్ళున్న వైపు నుంచి ఒక గొంతు, ఇంగ్లీషులో.

ఇచ్చాను.

"ఖాళీగా ఉన్నావా?"

"ఉన్నాను."

"అయితే ఇంకో బ్రష్షు తీసుకుని ఆ గొట్టం మీద తుప్పు గీకు."

గీకాను. ఎంతసేపు గీకానో తెలీదు. మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చేసరికి నా తెల్లచొక్కా మసిగుడ్డ అయిపోయింది. "ఏమండీ, అది నిన్న కొన్న షర్టండీ!" అని ఆవిడ నెత్తి కొట్టుకుంటుంటే ఇంజను కిందనుంచి ఒక ముసలాయన బయటికి పాక్కుంటూ వచ్చి, నా వైపు చూసి, "వచ్చే శనివారం పాత బట్టలు వేసుకురా," అన్నాడు. వస్తావా అని అడగలేదు, రమ్మన్నాడు.

ఆయన బతుకంతా అడవుల్లో దుంగల లారీలు నడిపి రిటైరైనవాడు. షెడ్డుకి పెద్ద ఇంకొకావిడ. స్కూలు బస్సుల మెకానిక్కుగా పనిచేసి రిటైరైంది. పొట్టిగా ఉంటుంది, మాట తక్కువ. ఆవిడ తల ఊపితేనే అక్కడ ఏ పనైనా అయినట్టు లెక్క. మిగతావాళ్ళంతా అరవై దాటినవాళ్ళే, జీతం భత్యం లేకుండా శనివారం శనివారం వచ్చి పనిచేసేవాళ్ళు. ఆ ఇంజను ఒకప్పుడు ఆ కొండల్లో దుంగలు మోసిందట. తరవాత చాలా ఏళ్ళు వానలో నానింది. దాన్ని మళ్ళీ నడిపించాలని వాళ్ళ పంతం.

ఏం చెప్పమంటారు, వాళ్ళ నిదానం చూస్తే నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఒక్క బోల్టు విప్పాలంటే ముందు కాఫీ. తరవాత దాని గురించి చర్చ. తరవాత దానికి నూనె పోసి, "నానాలి, వచ్చే వారం చూద్దాం" అని ఇళ్ళకి. మా ఆఫీసులో పొద్దున బగ్ కనిపిస్తే సాయంత్రానికి ఫిక్స్ వెళ్ళిపోవాలి. ఇక్కడ బాయిలర్‌లో గొట్టాలు మార్చడానికే నాకు రెండు కార్లు మారాయి. "మీరంతా కలిసి ఈ ఇంజన్ని నడిపిస్తారా, లేక అదే మిమ్మల్ని సాగనంపుతుందా?" అని ఒకరోజు నోరు జారాను. లారీల ముసలాయన పగలబడి నవ్వాడు. షెడ్డు పెద్దావిడ మాత్రం నవ్వలేదు. నాకు పార ఇచ్చి బొగ్గు కుప్ప చూపించింది. అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి అక్కడికి. నా కాళ్ళూ చేతులూ ఆడుతున్నంతసేపు నోరు మూసుకుంటానని ఆవిడకి తెలిసిపోయింది.

అలా పార చేతికొచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఇంజను మొదటిసారి కదిలినప్పుడు, పైన నిలబడి పొయ్యిలో బొగ్గు వేసే మనిషిని నేనే కావాలి. ఎందుకంటే చెప్పలేను. ఇరవై ఏళ్ళుగా నేను రాసిన కోడ్ ఎక్కడ నడుస్తుందో, ఎప్పుడు చచ్చిపోతుందో నాకే తెలీదు. నేను గీకిన గొట్టం, నేను వేసిన బొగ్గు, దాంతో కదిలే చక్రం, ఇది కళ్ళారా చూడాలనిపించింది. షెడ్డు పెద్దావిడని అడిగితే చాలాసేపు నా మొహం చూసి, "సరే, మొదటి ట్రిప్పుకి పార నీదే," అంది. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, "ఇంట్లో పోపుల డబ్బా మూత ఊడితే పెట్టే దిక్కు లేదు గానీ, అక్కడ బొగ్గు వేస్తారట!" అని పుల్లవిరుపుగా అంది. నాకు మాత్రం పెద్ద ప్రమోషన్ వచ్చినంత సంబరంగా ఉంది.

ఇక్కడ ఆ షెడ్డు కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఇంజను కిందికి దూరి పనిచేసే ప్రతివాళ్ళకీ సొంతంగా ఒక నీలం రేకు ఉంటుంది, దాని మీద తెల్లరంగుతో వాళ్ళ పేరు. కిందికి దిగేముందు పైకెక్కి, ఇంజన్ని నడిపే చేతిపిడికి, అదే థ్రాటిల్‌కి, ఆ రేకు తగిలించాలి. రేకు ఉందంటే కింద మనిషి ఉన్నాడని, పని సగంలో ఉందని అర్థం. పొయ్యి వెలిగించొచ్చు, ఆవిరి తెప్పించొచ్చు, కానీ ఇంజన్ని అంగుళం కూడా కదపకూడదు. ఆ రేకు ఎవరు తగిలించారో వాళ్ళే, వాళ్ళ చేత్తోనే తియ్యాలి. పెద్దావిడైనా సరే ఇంకొకరి రేకు ముట్టుకోదు. ఫోన్లో "తీసెయ్యండి" అన్నా చెల్లదు. పని మధ్యలో చేతులు మారితే ఇద్దరూ పక్కపక్కన నిలబడాలి, కొత్త మనిషి రేకు తగిలించాకే పాత మనిషిది దిగాలి.

ఈ చలికాలంలో, అంతా ఐపోయింది, ఇక బ్రేకులు ఒక్కటే అనుకుంటుండగా, లారీల ముసలాయన ఇంట్లో కాలు జారి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అంతకుముందు శనివారం మేమంతా వెళ్ళిపోయాక ఆయనొక్కడే ఉండి బ్రేకుల పని చూశాడట. వచ్చే వారం మిగతాది చేద్దామనుకున్నాడో ఏమో, రేకు థ్రాటిల్‌కే ఉండిపోయింది. పెద్దావిడ హాస్పిటల్‌కి వెళ్ళి అడిగింది. ఆపరేషను, మత్తు, మందులు, ఇవన్నీ కలిసి ఆ రోజుని ఆయన బుర్రలోంచి తుడిచేశాయి.

"ఎక్కడ ఆపానో గుర్తు రావట్లేదు. నేనొచ్చేదాకా తియ్యొద్దు," అన్నాడట.

ఆవిడొచ్చి ఆ మాట చెప్పగానే అందరూ తలలూపారు, కాఫీ పోసుకున్నారు. ఇక ఆయన లేచి నడిచేదాకా ఇంజను కదలదన్నమాట. ఒక్కడికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మండిపోవడానికి కారణం ఉంది. ఆ నెలలోనే మా కంపెనీలో లేఆఫ్‌లు మొదలయ్యాయి, మా టీమ్ మొత్తం పోయింది. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఊపిరి బిగబట్టి పరిగెత్తాలి. నేనూ పరిగెత్తాను. చచ్చీ చెడీ ఎక్కడో టెక్సాస్‌లోని ప్లేనోలో ఒక ఉద్యోగం దొరికింది. ఫలానా సోమవారం జాయిన్ అవ్వాలి, ఒక్కరోజు కూడా జరపడానికి వీల్లేదు. స్కూలయ్యేదాకా మా ఆవిడా అమ్మాయీ రెడ్‌మండ్‌లోనే ఉంటారు, జూన్‌లో వచ్చి తీసుకెళ్ళాలి. నాకు మిగిలిన శనివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేన్ని. ఆ శనివారాలన్నీ ఒక నీలం రేకు మింగేస్తోంది.

"అన్నీ బిగించే ఉన్నాయి కదా! బయటినుంచి మీరే టార్చి వేసి చూశారు కదా! తీసేస్తే ఏమవుతుంది?" అని పెద్దావిడ మీద అరిచాను.

ఆవిడ చేతులు గుడ్డకి తుడుచుకుంది. "నేను కుర్రదాన్నప్పుడు వేరే గ్యారేజీలో ఒకడు ఇలాగే అన్నాడు. వేరేవాడి రేకు తీసి బస్సు స్టార్ట్ చేశాడు. కింద మా అన్న ఉన్నాడు," అంది. అని మళ్ళీ పనిలో పడింది.

ఒక వారం నోరు మూసుకున్నాను. రెండో వారానికి మళ్ళీ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరుగుతున్నాను. ఒకసారి ఎవరూ లేనప్పుడు పైకెక్కి ఆ రేకు ముందు నిలబడ్డాను కూడా. ముట్టుకోలేదు. కానీ దాన్ని నోటికొచ్చిన తిట్టు తిట్టాను, తెలుగులో, తనివితీరా.

నేను వెళ్ళిపోతున్నానని పెద్దావిడ ముసలాయనకి చెప్పినట్టుంది. నా ఆఖరి శనివారానికి ముందు ఆవిడ ఫోన్ చేసి, "ఆయన కూతురు కార్లో తీసుకొస్తోంది. తనే వచ్చి రేకు తీస్తాడట. శుక్రవారమే పొయ్యి వెలిగిస్తున్నాం. నీ వాళ్ళని కూడా తీసుకురా," అంది. శుక్రవారం రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. మా ఆవిడ పొద్దున్నే లేచి పులిహోర కలిపింది. "రైలు పిక్నిక్కి పులిహోర లేకపోతే ఎలా?" అంది, తనే ఏదో నవ్వు దాచుకుంటూ. అమ్మాయి వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ, "నాన్నా, నువ్వు నిజంగా డ్రైవ్ చేస్తావా?" అని అడిగింది. డ్రైవ్ కాదమ్మా, బొగ్గు వేస్తాను అంటే, "ఓ, ఓకే," అని మళ్ళీ ఫోన్లోకి దూరింది.

వెళ్ళేసరికి ఇంజను బతికి ఉంది. ఇంకో మాట లేదు, బతికే ఉంది. ఇన్నేళ్ళూ మంచుముద్దలా చల్లగా ఉన్న ఇనుము చెయ్యి పెడితే వేడిగా తగిలింది. ఎక్కడెక్కడినుంచో సన్నగా ఆవిరి చిమ్ముతోంది, లోపల నీళ్ళు కుతకుతమంటున్నాయి. చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టి ఉన్నాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ అని సర్దిచెప్పుకున్నాను.

ముసలాయన్ని వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చారు. సగానికి సగం తగ్గిపోయాడు. ఒళ్ళో దుప్పటి, తల మీద అదే పాత టోపీ. ఇంజన్ని చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"రేకు తీస్తాను. కానీ ముందు ఎవరైనా కిందికి దిగి బ్రేకు రాడ్లు చూడాలి. నువ్వు వెళ్ళు. ఈ పొట్టలన్నిట్లో అక్కడ పట్టేది నువ్వొక్కడివే."

నా రేకు తీసుకెళ్ళి ఆయన రేకు పక్కనే తగిలించి, పట్టాల మధ్య గోతిలోకి దిగాను. పైన వేడి, కింద బురద. రెండు ఇరుసుల మధ్య నుంచి వెల్లకిలా పాకి టార్చి వేశాను. రాడ్లన్నీ ఉన్నాయి. వాటిని కలిపే చోట గ్రీజు దట్టంగా పూసి ఉంది. అంతా శుభ్రంగా బిగించి ఉంది. ఓకే అని అరవబోతున్నాను.

"గ్రీజు తుడిచి చూడు!" అని పైనుంచి కేక వేశాడు.

తుడిచాను. అన్ని చోట్లా లావుపాటి గుండ్రటి పిన్నులున్నాయి, మేము లేతు మీద కొత్తగా చేయించినవి. ఒక్కచోట మాత్రం గ్రీజు కింద ఆరు పలకల తల కనిపించింది. మామూలు బోల్టు. హార్డ్‌వేర్ షాపులో ఎవరికైనా దొరికేది, గట్టిగా బ్రేకు పడితే తెగిపోవచ్చు. పిన్ను తయారయ్యేదాకా రాడ్డు కింద పడకుండా ముసలాయన దాన్ని తాత్కాలికంగా దూర్చి, వచ్చే వారం మారుద్దామనుకుని, ఇంటికెళ్ళి పడ్డాడు.

నిజం చెబుతున్నాను, అక్కడ పడుకుని నేను చాలాసేపు ఆలోచించాను. ట్రిప్పు ఎంత దూరం? షెడ్డు అవతల ఉన్న వంతెన దాకా వెళ్ళి వెనక్కి. మనిషి నడిచేంత వేగం. ఈ బోల్టు ఆగుతుంది. తొంభై తొమ్మిది పాళ్ళు ఆగుతుంది. మా ఆఫీసులో "టెంపరరీ" అని పెట్టినవి పదేళ్ళు నడిచిన సంగతి నాకు తెలీదా? సాయంత్రం నేను పార దించేశాక చెప్పొచ్చు, వచ్చే వారం వీళ్ళే మార్చుకుంటారు. ఈ బోల్టు చూసింది భూమ్మీద నేనొక్కణ్ణే. కొత్త పిన్ను చెయ్యాలంటే రెండు మూడు శనివారాలు. నాకు ఒక్క శనివారం కూడా లేదు. మా అమ్మాయి నవ్వు వినిపిస్తోంది పైన, ఎవరో దానికి విజిల్ తాడు చూపిస్తున్నారు. కాసేపట్లో అది కూడా ఈ బోల్టు మీదే ఎక్కుతుంది.

"ఏం కనిపిస్తోంది?" అన్నాడు ముసలాయన.

"బోల్టు," అన్నాను. "పిన్ను కాదు. బోల్టు పెట్టారు మీరు."

నేను పాక్కుంటూ బయటికొచ్చేసరికి ముసలాయన రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఉన్నాడు. "ఇదే. ఇదేదో ఉందని తెలుసు. ఏమిటో తెలీక చచ్చాను," అంటున్నాడు. పెద్దావిడ ఆయన భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి, "ఫైర్ చల్లారనివ్వండి," అని అందరికీ చెప్పింది. అంతే. ఒక్కడూ విసుక్కోలేదు, అయ్యో అనలేదు. పులిహోర డబ్బాలు తెరిచి తినడం మొదలెట్టారు, చేతులు కడుక్కోకుండా. నాకు ఆ మనుషులందర్నీ పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. నాకు ఏడుపొస్తోందిరా నాయనా, మీకు పులిహోరా!

ముసలాయన్ని ఇద్దరు ఎత్తి పైకెక్కించారు. ఆయన తన రేకు తన చేత్తో తీసుకున్నాడు. తప్పు పట్టుకున్నది నేను కాబట్టి పని ఇప్పుడు నా పేరున ఉంది, నా రేకు అక్కడే ఉండాలి. కిందికి దిగాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"నీది అలాగే ఉంచు," అన్నాడు. "పిన్ను వీళ్ళు చేసి పెడతారు. జూన్‌లో నీ వాళ్ళ కోసం వస్తావుగా, అప్పుడు నువ్వే బిగించి నువ్వే తియ్యి. అప్పటిదాకా ఇది కదలదు. నాకోసం ఆగారు, నీకోసం ఆగరా?"

పెద్దావిడ వైపు చూశాను. తల ఊపింది. మిగతావాళ్ళు కూడా. మొహమాటానికి కాదు. నిజంగానే ఆగుతారు, ఆ జనం అలాంటివాళ్ళు. చలికాలం మూసి ఉంచిన మ్యూజియం మే నెలలో మళ్ళీ తెరుస్తారు, ఊరంతా ఈ ఇంజను కోసం చూస్తోంది, అయినా ఆగుతారు. మా ఆవిడ పక్కకి లాగి, "ఉంచెయ్యండి. ఇన్నేళ్ళు కష్టపడ్డారు, మీకా హక్కుంది," అంది. పోపుల డబ్బా మూత గురించి దెప్పే మనిషి, ఆ మాట అంది.

షెడ్డు చుట్టూ తిరిగాను. ఒకసారి, రెండోసారి. ఉంచాలనే ఉంది. ఒళ్ళంతా అదే అంటోంది. జూన్ ఎంత దూరం? వాళ్ళే ఇస్తామంటున్నారు, నేనడిగానా? మూడోసారి తిరిగొచ్చేసరికి ముసలాయన కూతురు "నాన్నా, చలిగా ఉంది, ఇంటికెళ్దాం" అంటోంది, ఆయన కదలనంటున్నాడు. దుప్పటి కింద మోకాళ్ళు వణుకుతున్నాయి. కళ్ళు మాత్రం ఇంజను మీదే. ఆ కళ్ళల్లో ఆత్రం నాకు తెలుసు. అద్దంలో రోజూ చూస్తున్నదే. ఇంత నిదానస్థుడు అనుకున్న మనిషి లోపల నాలాగే ఉడికిపోతున్నాడని అప్పుడు తెలిసింది. నేనింకా కుర్రాణ్ణే, వంద ఇంజన్లు ఎక్కొచ్చు. ఆయన్ని జూన్ దాకా, ఏమో ఇంకో తుంటి విరిగేదాకా ఆపడానికి నేనెవణ్ణి?

"మీ రేకు తీసుకురండి," అన్నాను పెద్దావిడతో.

ఆవిడ వెళ్ళి తన రేకు తెచ్చింది. ఇద్దరం పైకెక్కాం. పొయ్యి ఇంకా ఎర్రగానే ఉంది. ఆవిడ తన రేకు తగిలించింది. నేను నాది తీశాను. వెంటనే రాలేదు, కొక్కెం పట్టేసింది, వేళ్ళు కాలాయి. దిగి ఎవరి మొహమూ చూడకుండా కారెక్కాను. దారంతా మా ఆవిడే డ్రైవ్ చేసింది.

ప్లేనోలో నేల బల్లపరుపుగా ఉంటుంది, ఎటు చూసినా రోడ్లే. కొత్త ఆఫీసులో మూడో శనివారం కూడా ఏదో రిలీజ్ ఉందని రమ్మన్నారు. మధ్యాహ్నం పార్కింగ్‌లో తిరుగుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. వెనకాల ఒకటే గోల, మా ఆవిడ ఎవరికో ఇంగ్లీషులో అరిసెల గురించి చెబుతోంది.

"నాన్నా, ట్రైన్ వెళ్ళింది! తాత అంకుల్ కూడా ఎక్కాడు. హీ వాజ్ క్రయింగ్. అమ్మ బొగ్గు వేసింది, టూ టైమ్స్!"

"అవునా? ఎలా ఉందమ్మా?"

"బాగుంది. బట్, నాన్నా," అని కాసేపు ఆగింది, నన్ను బాధపెట్టకుండా ఎలా చెప్పాలా అన్నట్టు, "ఇట్ వాజ్ సో స్లో. నేను పక్కన నడిచేదాన్ని, నడిస్తే. అంత స్లో ట్రైన్ కోసం నువ్వు ఎందుకు అంత కంగారు పడ్డావ్?"

గట్టిగా నవ్వాను. అదీ నవ్వింది. ఫోన్ పెట్టేసి, కార్లో కూర్చుని, ఏసీ వేసుకుని, వెక్కి వెక్కి ఏడ్చాను.